శనక్కాయ పొట్టు మీద కుక్కల పందెం

మొన్న మా మనవరాలు బడి నుంచి వస్తూనే చెప్పుల కాళ్ళతో వంటింట్లోకి దూరి, "అమ్మమ్మా, స్లెడ్ డాగ్ అంటే ఏందో నీకు తెలుసా?" అంది. మంచు దేశాల్లో చక్రాల్లేని బండిని కుక్కలు లాక్కుని పోతాయట, వాటికి పందేలు పెడతారట, ఒకటో తరగతి పిల్లలు దాన్ని చదివి ఊరుకోకుండా తమ చేతులతో చేసి చూపాలట. ప్రొద్దుటూరు ఎండలో మంచు బండి! నాకు తెలుసో లేదో చెప్పేలోపే వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ఫోన్లో ఏదో నొక్కింది. మరుసటి రోజుకు అట్టపెట్టె ఇంటికొచ్చింది. అట్టతో కోసిన కుక్కలు, అట్టతో కోసిన బండి, మంచుకు బదులు థర్మాకోల్ ముక్కలు, అంటించడానికి జిగురు, అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్ల వాటిని అంటించి, ఏసీ గదిలో మంచం మీద పెట్టి, ఫోటో తీసి బడికి పంపింది. అయిపోయింది. "మేడం గుడ్ అని పెట్టింది" అని చెప్పి టీవీ ముందు కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఒక్క తాడన్నా లాగకుండా, ఒక్క మోకాలన్నా చెక్కుకుపోకుండా అదేం పందెం? "మేము నిజంగానే ఆడించినాం, పిల్లల్నే కట్టి" అన్నాను. ఎక్కడ అని అడిగింది కూతురు. ఊరి పేరు చెప్పాను. "ఆ ఊళ్ళోనా? ఆ ఊళ్ళో పిల్లల్ని బయట ఆడించినావా?" అని నోరు తెరిచింది. ఆమెకు ఆ ఊరి గురించి తెలిసిందల్లా పేపర్లో చదివినదే.

ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దునకల్లా ఎవరో ఒకరు మా గడప ముందు నిలబడి, మావాళ్ళ మీద రాసినావంటనే అంటారు. ఈ వయసులో ఆ తకరారు నాకక్కర్లేదు. జమ్మలమడుగులో బస్సు మారి, ముద్దనూరు దారిలో నాపరాళ్ళ గనుల దగ్గర దిగి, లోపలికి నడిస్తే వచ్చే ఊరు. పై వీధి, కింది వీధి అని రెండే వీధులు. పై వీధిలో భూములున్నవాళ్ళు. కింది వీధిలో గొర్రెలు మేపుకుంటూ, ఈమధ్యనే చేన్లు కొని సేద్యంలోకి దిగినవాళ్ళు. పై వీధి ఒక పార్టీ, అందుకని కింది వీధి రెండో పార్టీ. ఆ పార్టీలు ఏం చేస్తామంటున్నాయో అక్కడెవరికీ పట్టేది కాదు. ఎదుటివాడు ఏ జెండా పట్టాడో చూసి, ఇవతలివాడు రెండోది పట్టేవాడు. పులివెందులలో ట్రైనింగు ముగించుకున్న నన్ను ఆ ఊరికి బాలవాడి, అంటే చిన్నపిల్లల బడి, టీచరుగా వేశారు. నాకప్పటికి ఇరవై కూడా నిండలేదు. ప్రొద్దుటూరు పత్తి మిల్లులో గుమాస్తా అయిన మా నాయన, కూతురికి ఉద్యోగం వచ్చిందని సంతోషపడడానికి ముందు ఊరి పేరు మళ్ళీ చెప్పమన్నాడు. "ఆడనా?" అన్నాడు. ఆ పూట అన్నం సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

పై వీధి నాయకుణ్ణి అందరూ పెద్దాయన అనేవాళ్ళు, నేనూ అలాగే అలవాటు పడ్డాను. నా బస ఆయన ఇంట్లోనే. అడిగి తీసుకున్నది కాదు. ట్రంకుపెట్టెతో దిగేసరికి ఆయన మనుషులొచ్చి పెట్టె అందుకుని నడిచారు, నేను పెట్టె వెనక నడిచాను. "ఆడకూతురు ఒంటిగా యాడుంటాది, మనింట్లోనే ఉండనీ" అన్నాడట. మంచిమాటే. కానీ ఆ ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ప్రహరీ నిలువెత్తుకు మించి ఉండేది, పైన గాజు పెంకులు. వీధివైపు కిటికీలన్నిటినీ నాపరాళ్ళు పెట్టి మూసేశారు. పట్టపగలు కూడా గదుల్లో లాంతరు. లోపలికి అడుగుపెడితే శనక్కాయ నూనె వాసన, కొట్టంలోంచి ఎద్దుల వాసన, మిద్దె మీద కాపలా మనుషులు కాల్చే బీడీల వాసన కలిసి గొంతులో కూర్చునేవి. పెద్ద తలుపుకు ఒక చిన్న తలుపు, దాంట్లోంచి వంగి రావాలి, వంగి పోవాలి. తాళంచెవి ఒక మనిషి మొలతాడుకు వేలాడేది. బయటికి పోవాలంటే యాడికి, ఎందుకు, ఎవురింటికి అని మూడు జవాబులు చెప్పాకే ఆ తాళంచెవి కదిలేది. పెద్దాయన ఎప్పుడూ గోడకు వీపు ఆనించే కూర్చునేవాడు. కోడలు వడ్డిస్తే తప్ప సంగటి ముద్ద ముట్టేవాడు కాదు. నాతో మాత్రం ఏనాడూ గట్టిగా మాట్లాడలేదు, "తిన్యావా టీచరమ్మా?" అని రోజూ అడిగేవాడు.

ఆయన కోడలు పద్మక్క నాకంటే కొంచెం పెద్దది. మధ్యాహ్నాలు నా తల దువ్వుతూ కూర్చునేది. ఊళ్ళో గుడి ఎటువైపుందని ఒకరోజు నన్నే అడిగింది. ఊరికొచ్చి నెల కాలేదు, నన్నడుగుతావేంది అక్కా అంటే నవ్వింది. "పెండ్లప్పుడు జీపులో వచ్చినా, కాన్పుకు జీపులో పోయినా. జీపుకు గుడ్డ కట్టింటారు గదమ్మా, ఈ ఊర్ని నేనింకా సూడల్యా" అంది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. శనివారం సాయంత్రం ప్రొద్దుటూరు పోయొస్తానంటే, "ఈ వారం వొద్దులేమ్మా, కాలం బాగల్యా" అనేవాడు పెద్దాయన. వచ్చే వారం కూడా అదే మాట. మొదట నన్ను అతిథి అనుకున్నాను. కింది వీధి ఆడవాళ్ళు నన్ను చూసి కొంగు సర్దుకుని పక్కకు తిరిగిపోతుంటే అప్పుడు అర్థమైంది, నేను పై వీధివాళ్ళ టీచరమ్మనైపోయానని. ఎవరి ఉప్పు తింటే వాళ్ళ మనిషే. నేను ఏ జెండా పట్టలేదు మొర్రో అని ఎవరికి చెప్పుకోను? ఒక్కోరోజు స్నానాల గదిలో కుళాయి లేని తొట్టి పక్కన కూర్చుని, చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నట్టు చప్పుడు చేస్తూ ఏడ్చేదాన్ని.

బాలవాడి రెండు వీధుల మధ్యనున్న చావిడిలో జరిగేది. ఆ చావిడి ఎవరిదీ కాదు కాబట్టి పిల్లల్ని పంపేవాళ్ళు. అయినా పై వీధి పిల్లలు ఆ గోడకు, కింది వీధి పిల్లలు ఈ గోడకు అతుక్కుని కూర్చునేవాళ్ళు, మధ్యలో నేను ఒక్కదాన్నే. అయిదారేళ్ళ పిల్లలకు ఎవరు చెప్పారో ఏమో! పద్మక్క కొడుకు శివ ఆ గోడ వైపు పెద్ద. ఈ గోడ వైపు రావలసిన పిల్లొకతె రావడం లేదని కొన్నాళ్ళకు తెలిసింది. పేరు చెన్నమ్మ, అందరూ చెన్ని అనేవాళ్ళు. ఆమె నాయన కింది వీధికి నాయకుడు. అంతకు ముందు ఏడు ఆయన్ను చంపేశారు. ఎందుకు చంపారని అడిగితే ఎవరూ చెప్పరు, వానల మాటెత్తుతారు. వాళ్ళమ్మ అంతకు ముందే జబ్బుతో పోయింది. నాయన తమ్ముడు, చిన్నాయన, ఇప్పుడు ఆ వీధికి పెద్ద. పిల్లను పెంచేది జేజి, నాయన తల్లి. ఆ జేజి మనవరాలిని గింజల గదిలో పెట్టి, గడప దాటనీయదట. ఏడాదిగా ఆ పిల్ల ఎండ చూసింది లేదని కింది వీధి పిల్లలే చెప్పారు. గదిలో కూర్చోవడం ఎట్లుంటుందో నాకు తెలుసు. ఆ పిల్లను ఎలాగైనా బయటికి లాగాలని పట్టుబట్టాను. ఆ ఊళ్ళో నేను చేయగలిగిన పని అదొక్కటే అనిపించింది.

అప్పట్లో నాకు విడవని జ్వరమొస్తే పెద్దాయన జీపులో జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రికి పంపించాడు. అక్కడ మంచు దేశం నుంచి వచ్చిన ఒక ముసలి నర్సమ్మ ఉండేది. నా మంచం పక్క గోడకు ఆమె అంటించిన పాత క్యాలెండరు బొమ్మ. తెల్లటి నేల మీద బారులు తీరిన కుక్కలు, వెనక బండి, దాని మీద నిలబడ్డ మనిషి. నేను కన్నార్పకుండా చూస్తుంటే ఆమె తన విరిగిన తెలుగులో అంతా చెప్పింది. ముందుండే కుక్కకు బలం కాదు, తెలివి కావాలట. జతలు జతలుగా కడతారట. గడ్డకట్టిన మంచు కోస్తుందని వాటి కాళ్ళకు మేజోళ్ళు తొడుగుతారట. అలసిన కుక్కను బండిలో ఎక్కించుకుని తక్కినవి లాక్కుపోతాయట. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, మధ్యలో ఆగి, గంజి తాగించి, కాళ్ళు చూసి, మళ్ళీ పరుగు. చుట్టూ ఎక్కడా గోడనేది లేదు ఆ బొమ్మలో. వచ్చేటప్పుడు ఆ బొమ్మ నాకిచ్చేసింది. జీపులో గుడ్డల మధ్య కూర్చుని దాన్నే చూస్తూ ఊరికొచ్చాను.

మంచంటే ఏమిటో పిల్లలకు మొదట తెలియాలి కదా. జమ్మలమడుగు సోడా అంగట్లోంచి ఐసుగడ్డ తెచ్చిపెట్టమని బస్సు కండక్టరును బతిమాలాను. రంపపు పొట్టులో చుట్టి తెచ్చాడు పాపం, వచ్చేసరికి గుప్పెడు మిగిలింది. పిల్లలు వరసగా పట్టుకుని, "కాలుతాంది మేడం!" అని కేకలు. మంచు కుప్పలకు పత్తి చాలదు, శనక్కాయలు ఒలిచే కాలం కాబట్టి పొట్టు గంపలు గంపలు పోయించాను. దాని మీద పీట జారినట్టు దేని మీదా జారదు, పైగా కరకరమని చప్పుడు. విరిగిన కూర్చునే పీట కింద వెదురు బద్దలు కొట్టి బండి చేశాం. పద్మక్క తన పాత చీరలు చింపి ఇస్తే, పిల్లల భుజాలకు ఒరుసుకోకుండా మెత్తటి పట్టీలు కుట్టాను. కుక్కలకు మేజోళ్ళన్నప్పుడు మాత్రం ఒకడు లేచి, "మాకే చెప్పుల్లేవు, కుక్కలకు మేజోళ్ళేంది మేడం!" అన్నాడు. ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల అని సున్నంతో నేల మీద ఊళ్ళు గీశాను. చావిడి స్తంభం జమ్మలమడుగు, నీళ్ళ తొట్టి ప్రొద్దుటూరు. ప్రొద్దుటూరు దగ్గరికి బండి వచ్చినప్పుడల్లా నేను ఎక్కువసేపు ఆపేదాన్నని ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

ఒక కిటుకు చేశాను. తాడుకు జతలు కట్టేటప్పుడు ఎడమ పక్క దాపల ఆ వీధి పిల్లను, కుడి పక్క వెలపల ఈ వీధి పిల్లను కట్టాను. పిల్లలు ఒక రోజు బిగుసుకున్నారు, రెండో రోజుకు మరిచిపోయారు. ఈ సంగతి కింది వీధి గింజల గదిలోకి ఎట్లా చేరిందో గానీ, ఒక పొద్దున జేజి చావిడి మెట్ల దగ్గర నిలబడింది. చేతిలో చెన్ని చెయ్యి, చెన్ని వెంట గొర్రెలు కాసే నల్ల కుక్క. "ఈ పిల్ల అన్నం ముట్టదు తల్లీ. కుక్కల ఆట అంట, ఒగటే ఏడుపు. నువ్వు కూడా యెంట ఉంటావు గదా?" అంది జేజి. ఉంటానన్నాను. కుక్కకు పట్టీ కడితే అది నాలుక బయటేసి బండి ముందే పడుకుంది, లేపితే బండెక్కి కూర్చుంది. పిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. చెన్ని కూడా నవ్వింది. పాలిపోయిన మొహం, ఎండకు చికిలించిన కళ్ళు, ముందు పళ్ళు లేవు. ఆ తర్వాత ముందు కుక్క పని ఆమే తీసుకుంది. గొర్రెల వెంట పెరిగిన పిల్ల కదా, తాడు బిగువు చూసి వెనకవాళ్ళు ఎవరు లాగడం లేదో తిరిగి చూడకుండానే చెప్పేది. "శివా, నువ్వు ఊరికే ఎగురుతాండావు, లాగల్యా" అనేది. శివ గమ్మున లాగేవాడు. జేజి రోజూ మెట్ల మీద దీపపు వత్తులు చేసుకుంటూ కూర్చునేది. నా ఉద్యోగంలో అంత బాగున్న రోజులు మళ్ళీ రాలేదు.

అలసిన కుక్కను బండెక్కించే ఆట ఆడుతున్న రోజు అది. చెన్ని అలసిపోయినట్టు నటించి పీట మీద కూర్చుంది. శివ ముందు కుక్కయ్యాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన జీపు చావిడి ముందు పోయింది. ఆగలేదు. కానీ సాయంత్రం నేను చిన్న తలుపులోంచి వంగి లోపలికి రాగానే పిలిచాడు. "ఏం టీచరమ్మా, మా పిల్లోన్ని కుక్కను జేసి కట్టినావంట?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఆట పెద్దాయనా, అందరూ మారి మారి కడతారు, అన్నాను. "ఆట గాదనల్యా నేను. ఎవురు కూచున్యారు, ఎవురు లాగినారు, అది అడుగుతాండా. వాళ్ళ పిల్లను కూచోబెట్టి నా మనవడు లాగినాడని ఈపాటికి కింది వీధంతా సెప్పుకోని నవ్వుతాంటారు." రేపు శివ కూర్చుంటాడు, చెన్ని లాగుతుంది అన్నాను. "అప్పుడు వాళ్ళు ఊరకుంటారా?" అన్నాడు, అదీ నిజమే అన్నట్టు తానే తల ఊపుకున్నాడు. కాసేపు మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "తాళ్ళు రెండు జెయ్. మావి మాకు, వాళ్ళవి వాళ్ళకు. తిరునాళ్ళ రోజు ఊరందరి ముందర పందెం. ఎవురు లాగుతారో సూద్దాం." వద్దు పెద్దాయనా, చిన్నపిల్లలు అన్నాను. "గెలుపోటముల కాడ నువ్వు మాట్లాడొద్దుమ్మా" అన్నాడు, ప్రేమగానే.

కబురు కింది వీధికి పోయింది. చిన్నాయన క్షణం ఆలోచించకుండా ఒప్పుకున్నాడట. ఒప్పుకోకపోతే భయపడ్డాడంటారు కదా. మా వైపు తిరునాళ్ళంటే ఎద్దులతో బండలాగుడు పోటీలు. ఎవరి జత ఎక్కువ దూరం లాగితే ఏడాదంతా వాళ్ళదే మాట. మంచు కుక్కల పందెమంటే ఏమిటో రెండు వీధుల పెద్దలకూ తెలియదు గానీ, బండలాగుడు తెలుసు. ఇంకేముంది, నా ఆటను పట్టుకుని బండలాగుడు చేసి పారేశారు. పీట మీద పిల్లను కూర్చోబెట్టేదేందని ఆ పీట పీకేసి, నాపరాయి బండ కట్టించారు. నా మెత్తటి పట్టీలు తీసేసి మోకులు వేశారు. పొద్దున్నే పిల్లల పిక్కలకు నూనె మర్దన. కొట్టంలో ఎద్దులకు పెట్టినట్టు ఉడకబెట్టిన ఉలవలు, పైన పచ్చిగుడ్డు. శివ కక్కుకుని ఏడుస్తుంటే, వాడి నోరు పట్టుకుని తినిపిస్తున్నవాళ్ళను పద్మక్క తలుపు చాటు నుంచి చూస్తూ నిలబడింది. చావిడిలో పిల్లలు మళ్ళీ రెండు గోడలకు అతుక్కున్నారు. శివ చెన్నితో మాట్లాడడం మానేశాడు. మాట్లాడవేంరా అంటే, "మా తాత కొడతాడు మేడం" అన్నాడు.

నేను జ్వరమని పడుకున్నాను, టీచరు లేకపోతే పందెం ఆగుతుందేమోనని. ఆగలేదు. ప్రొద్దుటూరు పోతానని పెట్టె సర్దాను. తాళంచెవి కదల్లేదు. "పందెం పెట్టిందానివి నువ్వు, నువ్వు ల్యాకుంటే యెట్ల?" అన్నాడు తలుపు కాడి మనిషి. చివరికి చావిడి మెట్ల మీద జేజి పక్కన కూర్చుని, పిల్లను పంపొద్దు జేజీ అని చెప్పాను. ఆమె వత్తి నలుపుతూనే ఉంది. "మల్ల తిరునాళ్ళలోనే గదా పెట్టినారు" అని తనలో తాను అనుకున్నట్టు అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మావాడు మాట యిచ్చేసినాడు తల్లీ. ఇప్పుడు పిల్లను దాపెడితే వాడి తలకాయ యాడ పెట్టుకోవాల? ఈ పందెం ఒగటి గడిస్తే సాలు. పులివెందులలో దాని అమ్మమ్మ ఉండాది. రొంత సద్దు అణిగినాంక పిల్లను ఆడికి పంపిచ్చేస్తా. బడికి పోతాది, ఈదిలో ఆడుకుంటాది. అంతవరకు యెట్లన్నా గడవాల" అంది. గెలిస్తే ఏమవుతుంది, ఓడితే ఏమవుతుంది అని నేను అడగలేదు. ఓడినవాళ్ళు కత్తులు తీస్తారని మాత్రమే నాకు భయం. ఆ పిల్ల బస్సెక్కేదాకా ఊళ్ళో రక్తం పడకుండా ఉంటే చాలునని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

పందెం అయిపోయాక ఏమైందో ముందే చెప్పేస్తాను. రెండు వారాలకు జేజి చెన్నిని పులివెందుల బస్సెక్కించింది. నేను పెండ్లి వంక పెట్టి, మా నాయనను తోడు తెచ్చుకుని ఆ చిన్న తలుపులోంచి ఆఖరుసారి వంగి బయటపడ్డాను. ఇప్పుడు పెద్దాయనా లేడు, చిన్నాయనా లేడు. ఇద్దరిలో ఎవరూ మంచం మీద పోలేదు. శివ చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పుతున్నాడని, బొజ్జ వచ్చిందని విన్నాను. ఇప్పుడు ఫ్యాక్షన్ లేదంటారు, సంతోషం. మా వీధిలోనూ ఇళ్ళకు గేట్లున్నాయి, గేట్లకు కెమెరాలున్నాయి, మా మనవరాలు కూడా వీధిలో ఆడదు, బండ్ల భయం. ఒకోసారి ఇదీ అదీ ఒకటేనేమో, పిల్లల్ని ఎప్పుడూ ఏదో ఒక గదిలోనే పెంచుతున్నామేమో అనిపిస్తుంది. వెంటనే ఛీ, ఎట్లా ఒకటవుతుంది అని నన్ను నేనే తిట్టుకుంటాను. బడిలో ఆటల పోటీలో మనవరాలు ఓడిపోయి వస్తే నా కూతురు బుజ్జగిస్తుంది, గెలిస్తే ఐస్క్రీం కొనిపెడుతుంది. గెలిచిందని భయపడడం ఆమెకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

పందెం రోజు కళ్ళంలో రెండు దారులు చదును చేసి, పొట్టు పరిచి, చివర సున్నం గీత గీశారు. అటు జనం, ఇటు జనం. అందరి పంచెలూ తెలుపే, భుజాల మీద తువ్వాళ్ళు మాత్రం జెండాల రంగులు. నన్ను పెద్దాయన పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి గుడ్డ ఇచ్చి, ఊపమన్నారు. పిల్లల నొసళ్ళకు ఎద్దులకు పెట్టినట్టు పసుపు కుంకుమలు, కాళ్ళకు గజ్జెలు. ఈ తాడుకు ముందు శివ, ఆ తాడుకు ముందు చెన్ని. చిన్నాయన చేతిలో చర్నాకోల ఉంది, పిల్లల్ని కొట్టడానికి కాదు, గాలిలో ఝళిపించడానికి. నా చెయ్యి లేవలేదు. "ఊపుమ్మా" అన్నాడు పెద్దాయన. ఊపాను. అరుపులకు చెవులు మూసుకుపోయాయి. సగం దారికే తేడా తెలిసిపోయింది. శివవాళ్ళు తలా ఒక వైపు గుంజుతున్నారు. చెన్ని వెనక పిల్లలంతా ఒక్క అడుగు వేసినట్టు వేస్తున్నారు, బండ జారుతోంది. పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన వెనకున్న మనుషులు అరవడం మానేశారు. గీత ఇంకా కొంచెం దూరంలో ఉండగా చెన్ని చటుక్కున కూలబడింది. వెనక పిల్లలు ఆమె మీద పడ్డారు. "ల్యెయ్యే! ల్యెయ్!" అని చిన్నాయన చర్నాకోల ఝళిపిస్తూ కేకలేస్తున్నాడు. ఆమె పాదం రెండు చేతులతో పట్టుకుని, "ముల్లు! ముల్లు!" అని ఏడ్చింది. శివ తాడు రొప్పుకుంటూ గీత దాటింది.

పై వీధివాళ్ళు టపాకాయలు కాల్చారు. కింది వీధివాళ్ళు తలలు దించుకుని పోయారు గానీ ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ముల్లు గుచ్చుకుంటే ఎవరేం చేస్తారు? "పిల్ల గట్టిదే, కాలమే బాగల్యా" అని పెద్దాయన కూడా పెద్దమనసుతో అన్నాడు. చిన్నాయన చర్నాకోల నేలకేసి కొట్టి ఎవరి మొహమూ చూడకుండా పోయాడు. నేను చెన్నిని ఎత్తుకుని చావిడి వెనక నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకొచ్చాను. జేజి వెంట వచ్చింది. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి, మోకు ఒరిసి భుజం ఎర్రగా కందిపోయింది. కడిగి, పిన్నీసు విప్పి, ముల్లు తీస్తానని పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. వెతికాను. వేళ్ళ సందుల్లో చూశాను, మడమ చూశాను, రెండో పాదం కూడా చూశాను. ముల్లు లేదు, ముల్లు దిగిన మచ్చ కూడా లేదు. తలెత్తి చూస్తే ఆ పిల్ల ఏడవడం లేదు.

"గెలుస్తాంటివి గదే, ఎందుకు కూచున్యావు?" అన్నాను.

"గెల్చకూడదు మేడం. పోయిన తిరునాళ్ళలో మా నాయన ఎద్దులు వాళ్ళ ఎద్దుల్ని గెలిచినాయి. ఆపొద్దు మా నాయన ఇంటికి రాల్యా" అంది. "ఈసారి మా చిన్నాయన రావల్ల గదా."

జేజి గబుక్కున కొంగుతో దాని నోరు మూసి, చుట్టూ చూసింది. ఒళ్ళో ఉన్న తడి పాదాన్ని నా కొంగుతో తుడిచాను. చావిడి ముందు నుంచి శివ నవ్వులు వినిపిస్తున్నాయి, వాణ్ణి ఎవరో భుజాలకెత్తుకుని తిప్పుతున్నారు. చెన్ని జేజి చెయ్యి పక్కకు తోసి నా చెవి దగ్గరికి వచ్చింది.

"శివగానికి సెప్పొద్దు మేడం. వాడు నిజంగానే గెలిచినా అనుకుంటాండాడు."